బ్రేకు బోల్టు ఎంత బిగించాల?

మన పత్రిక చదివే ఇండ్లల్లో మిల్లుకు పొయ్యేవాళ్లు తగ్గిపోయినారు. సోలాపూరు, భివండి పక్క ఇంకా సాంచాలు ఆడుతున్నాయి గాని, మా బెంగళూరు మిల్లుల కత ముగిసి చాలా కాలమయింది. రాజా మిల్లు ఉన్న మల్లేశ్వరంలో ఇప్పుడు మాలు ఉంది. బిన్నీ మిల్లు ఉన్న చోట అంతస్తుల ఇండ్లు లేచినాయి. మాలాంటోళ్లం కొందరం సొంతూళ్లకు తిరిగొచ్చినాము. నాది చింతామణి దగ్గర మురుగమల్ల. మిల్లు వాళ్లు లెక్క తేల్చి ఇచ్చిన దుడ్డు కొంత అప్పులకు పోయింది, కొంత పెండ్లిండ్లకు పోయింది. మిగిలిన దాంతో చాలా ఇండ్లల్లో కొడుకుకో అల్లునికో ఒక కారు వచ్చింది.

ఆ కారే ఇప్పుడు మాకు మిల్లు. అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు వచ్చేవాళ్లు, ముక్తీశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లు మా పిల్లోళ్లకు గిరాకి. చింతామణి బస్టాండు నుంచి తెచ్చేది, కైవారం చూపించేది, నంది కొండకు ఎక్కించి దించేది, మదనపల్లె మీదుగా తిరుపతికి తీసకపొయ్యేది. నంది కొండ ఎత్తు 1478 మీటర్లు. తిరుమల నుంచి దిగే పాత ఘాటు రోడ్డు 1944లో వేసింది, 19 కిలోమీటర్లు, 36 పెద్ద మలుపులు. ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది, దిగేటప్పుడు బ్రేకు కష్టపడుతుంది. ఇంజను ఆగిపోతే పక్కన నిలబెట్టి ఫోను చెయ్యొచ్చు. బ్రేకు అట్ల కాదు.

పోయిన ఉరుసుకు ముందు మా వీధిలో ఒక కారుకు బ్రేకు ప్యాడ్లు మార్పించినారు. ఏ ఊర్లో, ఏ గ్యారేజీలో అనేది ఇక్కడ అవసరం లేదు. మూడు రోజులకు ముందు చక్రం దగ్గర టక టక అని చప్పుడు మొదలయింది. రాయి ఇరుక్కుందేమో అనుకున్నాడు పిల్లోడు. నాలుగో దినం చింతామణి నుంచి గిరాకి ఎక్కించుకొని వస్తాంటే, ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు కాడ బ్రేకు తొక్కినాడు. ఖణేలుమని చప్పుడయి చక్రం పట్టేసింది. లోపల ఇద్దరు చిన్న పిల్లలతో కలిపి ఐదుమంది. నెమ్మదిగా వస్తున్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

చక్రం విప్పి చూస్తే క్యాలిపర్ కింది బోల్టు లేదు. ఎక్కడో రోడ్డు మీద రాలిపోయింది. పై బోల్టు ఒక్కటే మిగిలే కొందికి క్యాలిపర్ తలుపు తిరిగినట్ల పైకి తిరిగి, లోపలి నుంచి రిమ్ముకు తగులుకుంది. ఆ పిల్లోని తల్లి నా కాడికొచ్చి, "అన్నా, నువ్వు మిల్లులో ఫిట్టరు చేసినోడివి. వేలంత లావు లేని బోల్టు ఒకటి పోతే ఇంత కారు నిలబడిపోతుందా?" అని అడిగింది. ఆ యమ్మకు నోటితో చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. పుస్తకం మాటలు మనవడు చెప్పినాడు, పానా మాటలు నావి.

సైకిలు బ్రేకు అందరికీ తెలుసు. రెండు పక్కల రెండు రబ్బర్లు వచ్చి రిమ్మును నొక్కుతాయి. కారులో చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం ఉంటుంది, అది డిస్కు. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు. ఆ ప్యాడ్లను పిడికిలి పట్టినట్ల పట్టుకొని నొక్కేది క్యాలిపర్. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు వచ్చి పిస్టనును తోస్తుంది, పిడికిలి బిగుసుకుంటుంది. అప్పుడు తిరిగే డిస్కు ఊరికే ఉండదు. తనతో పాటు ప్యాడ్లను, ఆ పట్టునంతా లాక్కొని పోవాలని చూస్తుంది. పోనీకుండా ఆపేవి బోల్టులు.

మన చిన్న కార్లలో ఎక్కువగా కనపడే రకంలో ఈ బోల్టులు రెండు జాతులు. ఒక జాతి పిన్ను బోల్టులు. క్యాలిపర్ అటూ ఇటూ జారడానికి రెండు నున్నటి పిన్నులు ఉంటాయి, వాటికి రబ్బరు బూట్లు తొడిగి ఉంటాయి. ఆ పిన్నులకు క్యాలిపర్‌ను పట్టించే చిన్న బోల్టులు ఇవి. ప్యాడ్లు మార్చేటప్పుడు విప్పేది వీటినే. రెండో జాతి బ్రాకెట్ బోల్టులు. ఇవి లావుగా ఉంటాయి. క్యాలిపర్ కూర్చునే బ్రాకెట్‌ను చక్రం వెనకాల ఉండే గట్టి ఇనుప దిమ్మకు పట్టి ఉంచుతాయి. డిస్కు మార్చాల్సి వచ్చినప్పుడు వీటిని విప్పుతారు.

రెండింటికీ బిగువు ఒకటి కాదు. ఈ తేడా తెలియకనే చాలా గొడవ. చిన్న కార్లలో చాలావాటికి పిన్ను బోల్టు 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల లోపల ఉంటుంది. బ్రాకెట్ బోల్టు 80 నుంచి 110 లోపల ఉంటుంది. అంటే ఒకటి ఇంకొకదానికి మూడింతలు. కొన్ని కార్లకు ఇంతకంటే తక్కువ ఉంటుంది, కొన్నింటికి ఎక్కువ ఉంటుంది. ఒకే పేరున్న కారుకు కూడా ఏడాది మారితే అంకె మారొచ్చు. కాబట్టి నేను రాసిన అంకె పట్టుకొని బిగించొద్దు. మీ కారు కంపెనీ సర్వీసు పుస్తకంలో ఏముందో అడిగి, కాగితం మీద రాయించుకొని కారులో పెట్టుకోవాల.

న్యూటన్ మీటరు అంటే భయపడే పని లేదు. మీటరు పొడుగు పానా చివర సుమారు 100 గ్రాముల బరువు తగిలిస్తే బోల్టు మీద పడే తిప్పుడు బలం ఒక న్యూటన్ మీటరు. మీటరు పొడుగు పానా ఎవరి కాడా ఉండదు కదా. 30 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బలంతో లాగితే సుమారు 30 న్యూటన్ మీటర్లు. అదే 15 సెంటీమీటర్ల పొట్టి పానా అయితే 20 కిలోలు లాగాల. ఇంకో పక్క నుంచి చూడండి. చెయ్యి అదే, లాగుడు అదే, పానా పొడుగు రెండింతలయితే బోల్టు మీద బిగువు రెండింతలయిపోతుంది. పానాకు పైపు తొడిగి లాగేవాళ్లను చూసే ఉంటారు. పైపు చివర పట్టుకుంటే ఇరవయ్యేండ్ల పిల్లోడు కూడా పిన్ను బోల్టును తుంచెయ్యగలడు.

"గట్టిగా ఉంటే మంచిదే కదా" అనేవాళ్లు ఎక్కువ. మన మిల్లోళ్లకు దీనికి జవాబు కొత్తగా చెప్పక్కర్లేదు. పడుగు నూలు పోగును వేళ్ల మధ్య కొంచెం లాగి వదలండి, వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి వచ్చే గుణమే బీము మీద పడుగును బిర్రుగా నిలిపేది. ఇంకా లాగితే ఒక హద్దు ఉంది. అది దాటినాక పోగు సాగింది సాగినట్లే ఉండిపోతుంది, బలం సచ్చిపోతుంది, తరువాత దెబ్బకు తెగుతుంది. పడుగు వదులయినా చెడే, ఎక్కువ బిగిసినా చెడే అని జాబరు మనల్ని ఎన్నిసార్లు తిట్టినాడో గుర్తు చేసుకోండి.

ఇనుప బోల్టు కూడా పోగు లాంటిదే. బిగించినప్పుడు అది సాగుతుంది. కంటికి కనపడదు. ఇట్లాంటి చిన్న బోల్టు సాగేది ఒక వెంట్రుక మందం అంత, అంతే. ఆ వెంట్రుకంత సాగుడే మళ్లీ మొదటి పొడుగుకు రావాలని లాగుతా, రెండు ఇనుప ముక్కలను ఒకదానికొకటి ఒత్తి పట్టుకుంటుంది. బోల్టు అడ్డంగా నిలబడి దెబ్బ కాస్తుంది అని మనం అనుకుంటాము. ఒత్తి పట్టుకొనేదే దాని అసలు పని. ఆ ఒత్తిడి వల్ల ముక్కల మధ్య పుట్టే రాపిడే వాటిని కదలనియ్యదు. తక్కువ బిగిస్తే ఒత్తిడి చాలదు, ముక్కలు కంటికి కనపడనంత జారుతాయి. జారినప్పుడంతా బోల్టు కొంచెం వెనక్కి తిరుగుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మనీ ఇంజనీరు దీన్ని యంత్రం మీద అడ్డంగా ఊపి చూపించినాడట. మిల్లులో మాకు చూపించడానికి యంత్రం వేరే అక్కర్లేదు, లూమే చూపించేది. నిమిషానికి 180 సార్లు పికింగ్ కర్ర కొడుతుంటే, సరిగా బిగించని నట్టు రెండో షిఫ్టుకు చేతికొచ్చేది.

ఎక్కువ బిగిస్తే ఏమవుతుంది? ఒకటి, బోల్టు హద్దు దాటి సాగిపోతుంది. చూడడానికి బిగుసుకున్నట్లే ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు. రెండు, త్రెడ్డు కోసుకపోతుంది. బోల్టు త్రెడ్డు పోతే కొత్త బోల్టుతో పోతుంది. దిమ్మ లోపలి త్రెడ్డు పోతే మళ్లీ తొలిచి లోపల స్ప్రింగు లాంటి కొత్త త్రెడ్డు కూర్చోబెట్టాల, లేదంటే దిమ్మనే మార్చాల. అది కొన్ని దినాల గిరాకి మింగేస్తుంది. మూడు, పిన్ను బోల్టు గట్టిగా తిప్పేటప్పుడు పిన్ను కూడా తిరిగి రబ్బరు బూటు మెలిపడుతుంది. మెలిపడిన బూటు చినుగుతుంది, చినిగిన చోట నీళ్లు, మన్ను పోయి పిన్ను తుప్పు పట్టి జారడం మానేస్తుంది. అప్పుడు ఒక ప్యాడు అరిగిపోయి ఇంకొకటి కొత్తగా ఉంటుంది. ప్యాడు మంచిది కాదని కంపెనీని తిడతాము.

మా ఊరి మెకానిక్ భాయ్ మంచి పనివాడు. ఇది ముందే చెప్పాల, ఎందుకంటే ఇట్లాంటి మాటలు రాస్తే మెకానిక్కుల మీద పడినట్ల ఉంటుంది. ఆయన షెడ్డులోనే కూర్చొని అడిగినాను, బోల్టు ఎంత బిగిస్తావు భాయ్ అని.

"ఇరవై ఏండ్లుగా చేస్తాండా మామా, నా చెయ్యే కాటా" అన్నాడు.

"అయితే తూచి చూద్దామా?"

"చూడు మామా, నాకేం భయం."

పనికిరాని పాత దిమ్మ ఒకటి మూలలో పడి ఉండేది. దాన్ని వైసులో పట్టించి మూడు బోల్టులు మూడు సార్లుగా బిగించమన్నాను. పొద్దున ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, సాయంత్రం గిరాకి తొందరలో ఒకటి. ఏ పానా చేతికొస్తే ఆ పానాతో. సిలిండరు తూచే స్ప్రింగు కాటా ఒకటి తెచ్చుకున్నాను. 30 సెంటీమీటర్ల కాడ పానాకు కాటా కొక్కెం తగిలించి, పానాకు నిలువుగా లాగి, బోల్టు ముందుకు కదలడం మొదలయ్యే చోట ముల్లు చూసినాము. ఒకటి 8 కిలోలకు కదిలింది. ఇంకొకటి 14. మూడోది 17. అంటే న్యూటన్ మీటర్లలో సుమారు 24, 41, 50. మనిషి ఒకడే, ఆయన మనసులో అనుకున్న బిగువు ఒకటే. పొడుగు పానా చేతికొచ్చినప్పుడు 50 అయింది. భాయ్ కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత నవ్వి, "పొద్దున్న చెయ్యి వేరే, సాయంత్రం చెయ్యి వేరే మామా" అన్నాడు. ఇదేమీ ప్రయోగశాల పరీక్ష కాదు గాని, మా ఇద్దరికీ సరిపొయ్యింది.

ఇంకొక మాట మనవడు చెప్పినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. మనం తిప్పే బలం నూరు పాళ్లనుకుంటే సుమారు 50 పాళ్లు బోల్టు తల కింది రాపిడికే పోతుందట. 40 పాళ్లు త్రెడ్డు రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన 10 పాళ్లే. దీని అర్థం చూడండి. త్రెడ్డు తుప్పు పట్టి మన్ను చేరి ఉంటే రాపిడి పెరిగి, రెంచి సరిగా ఉందని చెప్పినా బోల్టుకు పట్టు చాలదు. త్రెడ్డుకు గ్రీసో ఆయిలో పూస్తే రాపిడి తగ్గి, అదే అంకెకు బోల్టు హద్దు దాటి సాగుతుంది. పుస్తకంలో రాసిన అంకె ఎట్లాంటి త్రెడ్డుకో కూడా పుస్తకంలోనే ఉంటుంది. వేరే మాట రాసి ఉండకపోతే శుభ్రంగా, పొడిగా ఉన్న త్రెడ్డుకని అనుకోవాల. మా పక్క మెకానిక్కులకు బోల్టు విప్పితే గ్రీసు డబ్బాలో ముంచే అలవాటు. మళ్లీ విప్పేటప్పుడు సులభంగా వస్తుందని. గ్రీసు పోవాల్సింది జారే పిన్నుకు. అది కూడా బ్రేకుల కోసం చేసిన గ్రీసు కావాల. చక్రాల బేరింగు గ్రీసు పూస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు పని సరిగా జరిగేది ఎట్లుంటుందో, భాయ్ షెడ్డులో నేను నిలబడి చూసినట్లే చెప్తాను. మీరు చెయ్యకపోయినా పక్కన నిలబడి చూడండి.

కారు చదునైన గట్టి నేల మీద ఉండాల. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టాల. జాకీ ఎత్తడానికి మాత్రమే, మొయ్యడానికి కింద స్టాండు పెట్టాల. ఒట్టి జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు. క్యాలిపర్ విప్పినాక దాన్ని బ్రేకు పైపు మీద వేలాడదియ్యకూడదు, కట్టుతీగతో పైన కట్టాల. విప్పిన బోల్టులు ఏది పైది, ఏది కిందిది అని వేరు వేరుగా పెట్టాల. కొన్ని కార్లల్లో పై పిన్ను, కింది పిన్ను ఒకటి కాదు. ఒకదానికి చివర చిన్న రబ్బరు ఉంటుంది. మార్చి పెడితే పని చెడుతుంది.

బోల్టును వైరు బ్రష్షుతో తుడిచి, గుడ్డతో పొడిగా చెయ్యాల. నీలమో ఎర్రదో బంక ఎండిపోయి అంటుకొని ఉంటే అది కంపెనీ వాళ్లు వదులు కాకుండా పెట్టిన బంక. పాతదంతా గీకి, పుస్తకంలో ఉంటే కొత్తది ఒకటి రెండు చుక్కలు పెట్టాల. కొన్ని కంపెనీలు ఈ బోల్టులను ఒకసారి విప్పితే మళ్లీ వాడొద్దంటాయి, అప్పుడు కొత్తది కొనాల్సిందే. కొనేటప్పుడు తల మీద అంకె చూడండి. 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు, అంటే సుమారు 80 కిలోల బరువు, లాగితే తెగే ఉక్కు. అందులో 80 పాళ్ల కాడనే శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9 దానికంటే బలమైంది. పాతదాని మీద 10.9 ఉంటే కొత్తదాని మీద కూడా 10.9 ఉండాల. హార్డ్‌వేరు అంగట్లో తలకాయ మీద ఏ గుర్తూ లేని బోల్టు పది రూపాయలకు ఇస్తారు, గేటుకు పెట్టుకోండి, బ్రేకుకు కాదు.

మొదట బోల్టును వేళ్లతోనే తిప్పాల. ఐదారు చుట్లు వేళ్లతో పోవాల. వేళ్లతో పోకపోతే త్రెడ్డు అడ్డంగా ఎక్కిందని అర్థం. అక్కడనే గన్ను పెట్టి గుర్రుమనిపిస్తే దిమ్మ త్రెడ్డు ఆ దినమే పోతుంది. గాలి గన్ను విప్పడానికి మంచిదే. బిగించే చివరి పని దాంతో చెయ్యకూడదు. వేళ్లతో కూర్చున్నాక మామూలు పానాతో తల ఆనేదాకా తిప్పి, పిన్నుకు సన్న డీ పానా పెట్టి కదలకుండా పట్టుకొని, చివరి బిగువు టార్క్ రెంచితో ఇవ్వాల. నెమ్మదిగా, ఒకే లాగుడుగా. 'టిక్కు' అంటే ఆపాల. ఇంకొకటి నమ్మకానికని మళ్లీ టిక్కు టిక్కు అనిపిస్తారు చూడండి, ఆ నమ్మకం బోల్టును ఇంకొంచెం తిప్పుతుంది. రెంచిని పిడి మధ్యలో గుర్తున్న చోటనే పట్టుకోవాల. పైపు తొడిగేది అసలే లేదు.

బిగించినాక బోల్టు తల మీద నుంచి క్యాలిపర్ మీదికి సన్నంగా పెయింటు గీత ఒకటి గియ్యాల. లూమ్‌కు మేము సుద్దతో గీసేవాళ్లం. బోల్టు కదిలితే గీత విరిగినట్ల కనపడుతుంది. చక్రం సందులో నుంచి టార్చి వేసి ఇంటి ఆడవాళ్లు కూడా చూడగలరు. మా వీధిలో ఇద్దరు అట్లే చూస్తున్నారు. ఆఖరున కారు కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కాల. పిస్టను వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి తొక్కుడుకు పెడలు నేలకు పోతుంది. ఇది మరిచి కారు రివర్సు తీసి గోడకు కొట్టినవాళ్లు ఉన్నారు.

టార్క్ రెంచి అంటే బిగువు కొలిచే పానా. న్యూయార్కు నీళ్ల డిపార్ట్‌మెంటులో పని చేసిన కాన్రాడ్ బార్ 1918లో దీన్ని చేసినాడంటారు, భూమి లోపలి పైపుల బోల్టులు ఎక్కువ బిగించి చెడగొట్టకుండా. నూరేండ్లు దాటింది, మా పక్క చిన్న షెడ్డులకు ఇంకా రాలేదు. దాని ధర కొన్ని వేలు. ఒక్క కారు ఉన్నవాడు కొనలేడు, కొన్నా ఏడాదికి రెండుసార్లు వాడతాడు. అందుకని మా వీధిలో కార్లున్న ఐదు ఇండ్లు కలిసి చీటీ లాగా వేసుకొని, బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి ఒకటి తెప్పించినాము. 20 నుంచి 110 దాకా కొలిచేది. పిన్ను బోల్టుకు, బ్రాకెట్ బోల్టుకు, చిన్న కార్ల వీల్ నట్లకు అదొక్కటి సరిపోతుంది. అది నా ఇంట్లో ఉంటుంది. కావాల్సినవాళ్లు పుస్తకంలో రాసి తీసకపోవాల, వాడినాక అంకెను కింది గుర్తుకు తిప్పి తెచ్చియ్యాల. లోపల స్ప్రింగు ఉంది, బిగించి పెట్టేస్తే అది అలిసిపోయి అబద్ధం చెప్తుంది. దాంతో బోల్టులు విప్పొద్దు, కింద పడెయ్యొద్దు, ఏడాదికొకసారి సరి చూపించాల. ఇవన్నీ అట్ట మీద రాసి డబ్బాలో అంటించినాను.

మెకానిక్కును అడిగేదానికి మొగమాటం వద్దు. అడిగే తీరు ఒకటుంది. "సరిగా బిగించినావా?" అని అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది. "అన్నా, ఈ బండికి ఎంత టార్కు? ఇదిగో రెంచి" అని పక్కన పెడితే కోపం రాదు. మా వీధి పిల్లోళ్లు ఇప్పుడు వేరే ఊర్లో ప్యాడ్లు మార్పించినా ఇంటికొచ్చి చక్రం విప్పి ఒకసారి రెంచి పెట్టి చూస్తున్నారు. మొదటి నెలలోనే ఒక కారుకు పిన్ను బోల్టు ఒకటి చేతి వేళ్లకే తిరిగింది. ఇంకొకదానికి బోల్టు విప్పితే నడుం సన్నబడి ఉంది. సాగిపోయిన బోల్టు ఎట్లుంటుందో చూపించడానికి దాన్ని దాచిపెట్టినాను.

కారు నడిపేవాళ్లు చెవికి పని పెట్టాల. గుంతల్లో టక టక, బ్రేకు తొక్కినప్పుడు ఒక్కసారి టక్కుమనడం, స్టీరింగు ఒక పక్కకు లాగడం, నాలుగు చక్రాల్లో ఒకటి మాత్రం చెయ్యి పెట్టలేనంత కాలడం, వీటిలో ఏది కనపడినా గిరాకి ముగిసినాక చూద్దామని అనుకోవద్దు. డిస్కు బ్రేకులున్న మోటారుసైకిళ్లకు, స్కూటర్లకు కూడా ఇదే కత. వాటి బోల్టులు ఇంకా చిన్నవి, అంకె వాటి పుస్తకంలో వేరే ఉంటుంది.

మొన్న భాయ్ వచ్చి రెంచి అడిగినాడు. ఏ కారుకు అంటే, కారుకు కాదు, లారీ చక్రాల నట్లకు అన్నాడు. ఇయ్యనని చెప్పినాను. లారీ నట్లకు కొన్ని వందల న్యూటన్ మీటర్లు కావాల, మాది 110 దాటదు. దానికి పెద్దది వేరే కొనాల. భాయ్ సగం వేస్తానంటున్నాడు, మిగతా సగానికి లారీలున్న ఇద్దరిని అడిగి చూస్తున్నాము.